టోల్‌గేటు వరుసలో పుట్టిన క్లాస్

డోన్ నుంచి కర్నూలు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తే అమకతాడు టోల్‌ప్లాజా వస్తుంది. నాపరాళ్ల లారీలు, హైదరాబాదు బస్సులు, కార్లు అక్కడ వరుస కడతాయి. డోన్, ప్యాపిలి పిల్లలు జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకోవడానికి హైదరాబాదులోని అమీర్‌పేటకు పోయేదీ ఈ దారినే. కోచింగ్ సెంటర్లో మొదటి రోజుల్లోనే ‘క్లాస్ అంటే నమూనా, ఆబ్జెక్ట్ అంటే దాని రూపం’ అని రాసుకుంటారు, పరీక్షకు వల్లె వేస్తారు. ఆ రెండు భావనలు ఓ టోల్‌గేటు దగ్గరి బండ్ల వరుస గురించి ఆలోచిస్తుండగా రూపు కట్టాయని మాత్రం వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ.

ఆ కథ నార్వేది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో 1960ల మొదట్లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలే యోహాన్ డాల్ అనే ఇద్దరు ‘సిములా’ అనే కంప్యూటర్ భాష తయారీకి పూనుకున్నారు. ఫ్యాక్టరీలో పనులు ఎక్కడ ఆగిపోతున్నాయి, వరుసలో ఎవరు ఎంతసేపు నిలబడాల్సి వస్తోంది అన్నవి ముందే లెక్కగట్టి చూడటం దాని పని. 1965 నాటికి సిములా యూనివాక్ యంత్రం మీద నడిచింది. బాగానే నడిచింది కానీ ఇద్దరికీ ఒక ఇబ్బంది మిగిలిపోయింది.

వాళ్లు తీసుకున్న ఉదాహరణ ఒక వంతెన, దాని మీద టోల్‌గేటు, ముందు వరుసగా లారీలు, బస్సులు. లారీ గురించి రాయాలంటే మొత్తం రాయాలి. బస్సు గురించి రాయాలంటే మళ్లీ మొదటినుంచీ రాయాలి. వరుసలో చేరడం, ముందుకు జరగడం, బయటపడటం రెండింటికీ ఒకటే అయినా రెండుసార్లు రాయక తప్పేది కాదు. 1966–67 చలికాలంలో దారి దొరికింది. అన్ని బండ్లకూ ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒక్కసారే రాసి, లారీకీ బస్సుకూ ప్రత్యేకమైనవి దాని మీద చేరిస్తే సరి! ఉమ్మడి రాతే క్లాస్, దాని మీద చేర్చి రాసేది సబ్‌క్లాస్. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ అప్పటికే ప్రతిపాదించిన ‘రికార్డ్ క్లాస్’ ఆలోచనా వాళ్లకు తోడ్పడింది. 1967 మే నెలలో ఓస్లో దగ్గరి లిసెబూలో జరిగిన సదస్సులో క్లాస్, సబ్‌క్లాస్‌ల మీద తమ పత్రం వినిపించారు. ఆ ఆలోచనతో వచ్చిన భాషే సిములా 67.

ఇప్పుడు అమకతాడు వరుస చూడండి. ‘వాహనం’ అనే క్లాస్‌లో ప్రతి బండికీ ఏమేం ఉంటాయో రాసి ఉంటుంది: రిజిస్ట్రేషన్ నంబరు, ఫాస్టాగ్ ఖాతాలో డబ్బు. ఏమేం చేయగలదో కూడా ఉంటుంది: వరుసలో చేరడం, టోల్ కట్టడం, వెళ్లిపోవడం. ఆ రాత ఏ బండీ కాదు, అది రోడ్డు మీద ఒక్క అడుగూ కదలదు. గేటు ముందు నిలబడ్డ ఫలానా నంబరు లారీయే ఆబ్జెక్ట్. దాని ఖాతాలో డబ్బు తగ్గితే వెనక బస్సు ఖాతాలో పైసా తగ్గదు. ఒకే క్లాస్ నుంచి వేల ఆబ్జెక్టులు పుట్టినా ఎవరి స్థితి వారిదే. ఇక్కడే చాలామంది విద్యార్థులు తికమకపడతారు, అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను. లారీ, బస్సు, కారు ‘వాహనం’ నుంచి వచ్చిన సబ్‌క్లాస్‌లు. ‘టోల్ కట్టు’ అన్న ఆదేశం అందరికీ ఒకటే, కట్టే మొత్తం మాత్రం బండి రకాన్ని బట్టి మారుతుంది. 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయిన ఫాస్టాగ్‌లోనూ ఇదే పోలిక: ప్రతి ట్యాగ్‌కూ వాహన తరగతి, సొంత గుర్తింపు సంఖ్య రెండూ ఉంటాయి.

ఓస్లో ఆలోచన తర్వాత అమెరికా చేరింది. యూటాలో చదువుకుంటున్న అలన్ కే సిములాను చూసి ప్రభావితుడై, 1970ల్లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో స్మాల్‌టాక్‌కు రూపమిచ్చారు. కేంబ్రిడ్జ్‌లో సిములా వాడిన బ్యార్న్ స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు క్లాస్‌లు జోడించడం మొదలుపెట్టారు, అదే సి ప్లస్ ప్లస్ అయింది. క్లాస్‌ల బాటలోనే 1995లో జావా వచ్చింది.

పాఠం చెప్పే లెక్చరర్లకు ఒక్క విన్నపం. నిర్వచనంతో మొదలుపెట్టకండి. ముందు పిల్లలచేత లారీని, బస్సును విడివిడిగా రాయించండి. ఒకే మాట రెండోసారి రాయడానికి వాళ్లు విసుక్కున్నాక క్లాస్ గురించి చెప్పండి.

డాల్, నైగార్డ్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది. 2002 జూన్ 29న డాల్, ఆగస్టు 10న నైగార్డ్ కన్నుమూశారు.