మొదటి సాలార్‌జంగు, 1860 ఒడంబడిక, గోదావరి ఎడమ గట్టు

చెన్నూరు ప్రాంత సంఘాల చరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా మిషనరీలు వచ్చిన సంవత్సరముతో ఆరంభిస్తారు. అంతకు మునుపే ఒక రాజకీయ నాయకుని నిర్ణయము వారి త్రోవలను కొంత నిర్ణయించినదని మేము తలంచుచున్నాము. ఆయన హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగు (1829–1883).

మీర్ తురాబ్ అలీ ఖాన్ అను ఈయన 1853లో, 24 ఏండ్ల వయస్సులో దివాను అయ్యెను. ఖజానా ఖాళీగా ఉండెను. ఆ యేడే సైన్యపు ఖర్చుల నిమిత్తము బేరారు, రాయచూరు, నల్దుర్గము ఆంగ్లేయుల ఆధీనమునకు పోయినవి. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వమున జనులు హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసినప్పుడు దివాను ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. మౌల్వీని అండమానుకు పంపిరి.

ఈ విధేయతకు ప్రతిఫలముగా 1860 ఒడంబడికలో 50 లక్షల అప్పు రద్దయినది. రాయచూరు, నల్దుర్గము తిరిగివచ్చినవి. బేరారు మాత్రము రాలేదు. పైగా గోదావరిపై పడవల రాకపోకలను కోరిన ఆంగ్లేయులకు గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టున ఉన్న సిరోంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలము, రేకపల్లి తాలూకాలను ఇయ్యవలసివచ్చెను. ప్రాణహితకు పడమట ఉన్న చెన్నూరు నిజాము రాజ్యములోనే నిలిచినది. ఏటికి ఇరువైపుల ఒకే భాష, బంధుత్వములు. పాలన మాత్రము రెండు.

దీని ఫలితము దుమ్ముగూడెములో కనబడుచున్నది. 1860 దశకములో నదీ రవాణా పనులకు వచ్చిన ఇంజనీరు అధికారి హేగ్ అక్కడ కోయల మధ్య సువార్త పనికి పునాది వేసెను. పడవల పథకము విఫలమైనను ఆ పని నిలిచినది.

దివాను చేసిన మేలును మరువరాదు. పన్ను వసూలును గుత్తకిచ్చు పద్ధతిని తగ్గించి, 1865 జిల్లాబందీ ద్వారా జీతముపై పనిచేయు అధికారులను నియమించెను. 1874లో రైలు సికింద్రాబాదు చేరినది. 1876లో ఇంగ్లండు వెళ్ళినను బేరారును రాబట్టలేకపోయెను. 1883 ఫిబ్రవరి 8న కలరాతో మరణించెను.

రాజ్యమును నిలిపినవాడని ఒకరు, పరులకు లొంగినవాడని మరొకరు ఆయనను తీర్పు తీర్చుదురు. రెండింటిలోను నిజమున్నది. అయితే సరిహద్దు మారినప్పుడు ఆ గట్టుననున్నవారిని ఎవరును అడుగలేదు. స్థానిక సంఘ చరిత్ర వ్రాయు మన విద్యార్థులు మొదట ఆ గ్రామము ఏ యేట ఏ పాలనలో ఉన్నదో విచారించవలెనని మా మనవి.