చింతామణి నాటకం: నూరేళ్లు ఆడిన ప్రేమకథకు నిషేధం ఎందుకొచ్చింది? అసలు కథ ఇదీ

నూజివీడు: మామిడి కాపు దిగే రోజుల్లోనే ఊళ్లలో కొలుపులు, తిరునాళ్లు. నూజివీడు తోటల చుట్టుపక్కల పల్లెల్లో పాతతరం వాళ్లను కదిలిస్తే చాలు, తెల్లవార్లూ చూసిన పద్యనాటకాల ముచ్చట్లు మొదలవుతాయి. ఈ ప్రాంతానికి నాటకం కొత్తేమీ కాదు. దగ్గర్లోని మైలవరం జమీందారు 20వ శతాబ్దం తొలినాళ్లలోనే బాలభారతి పేరుతో నాటక సమాజాన్ని పోషించారు. కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఎక్కువగా ఆడిన నాటకాల్లో చింతామణి ఒకటి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది కూడా ఈ నాటకాన్నే.

ఎవరు రాశారు? ఎందుకు రాశారు?

రచయిత కాళ్లకూరి నారాయణరావు (1871-1927). సంఘ సంస్కరణ ఆయన ధ్యేయం. వరకట్నంపై ‘వరవిక్రయం’, తాగుడుపై ‘మధుసేవ’, వేశ్యా వ్యామోహంపై ‘చింతామణి’ రాశారు. అంటే ఇది జనాన్ని వేశ్యావాటికల నుంచి దూరం చేయడానికి రాసిన నాటకం. నిషేధం గొడవలో చాలామంది మర్చిపోయిన విషయం ఇదే.

కథేంటి?

‘శ్రీకృష్ణ కర్ణామృతం’ రాసిన లీలాశుకుడి గురించి ప్రచారంలో ఉన్న కథే దీనికి మూలం. లీలాశుకుడి అసలు పేరు బిల్వమంగళుడు. ఇంట్లో భార్య రాధ ఉన్నా చింతామణి మోజులో పడతాడు. గాలివానలో, పొంగుతున్న ఏరు దాటి ఆమె ఇంటికి వెళ్తాడు. దుంగ అనుకుని పట్టుకున్నది శవం, తాడు అనుకుని ఎక్కినది పాము అని తర్వాత తెలుస్తుంది. ఇంత ప్రేమ దేవుడి మీద పెడితే తరించేవాడివి కదా అని చింతామణే అతడి కళ్లు తెరిపిస్తుంది. తప్పుదారి పట్టిన పండితుడికి దారి చూపింది లోకం చిన్నచూపు చూసిన ఆడమనిషే. అందుకే ఈ కథ జనానికి అంతగా పట్టింది.

చింతామణి తల్లి శ్రీహరి, చెల్లెలు చిత్ర. ఆ ఇంటి చుట్టూ తిరిగి ఆస్తి పోగొట్టుకునే విటులు భవానీశంకరం, సుబ్బిశెట్టి. ఈ సుబ్బిశెట్టి పాత్ర దగ్గరే తర్వాత వివాదమంతా నడిచింది.

స్టేజీ మీద ఏలిన తారలు

స్థానం నరసింహారావు, బుర్రా సుబ్రహ్మణ్య శాస్త్రి లాంటి మగ నటులు చింతామణి వేషం కట్టి మెప్పించారు. స్థానంకు 1956లో పద్మశ్రీ వచ్చింది. బిల్వమంగళుడిగా షణ్ముఖి ఆంజనేయరాజు, ఎ.వి.సుబ్బారావు పాడిన పద్యాలకు వన్స్ మోర్‌లు పడేవి. హార్మోనియం శ్రుతి అందుకుని రాగం తీస్తే చాలు, జనం మళ్లీ అదే పద్యం అడిగేవాళ్లు.

సినిమా కూడా ఈ కథను వదల్లేదు. 1956లో భరణీ సంస్థ తీసిన ‘చింతామణి’లో భానుమతి టైటిల్ పాత్ర చేస్తే, ఎన్టీఆర్ బిల్వమంగళుడిగా, జమున రాధగా నటించారు. సుబ్బిశెట్టి రేలంగి. భానుమతి తొలి సినిమా ‘వరవిక్రయం’ (1939) కూడా కాళ్లకూరి నాటకమే.

సుబ్బిశెట్టి ఎలా పెరిగాడు?

పద్యనాటకాలు కాంట్రాక్టు పద్ధతిలోకి మారాక ఒక్కో ఆర్టిస్టు ఒక్కో ఊరి నుంచి వచ్చి ఆ రాత్రికి స్టేజీ మీద కలిసేవాళ్లు. రిహార్సల్ ఉండదు, అదుపు చేసే దర్శకుడూ ఉండడు. అర్ధరాత్రి దాటాక జనాన్ని కూర్చోబెట్టాలంటే నవ్వించాలి. దాంతో సుబ్బిశెట్టి, చిత్ర, శ్రీహరి సీన్లలో పుస్తకంలో లేని మాటలు చేరాయి. ఒకరు వేసిన జోకు మీద ఇంకొకరు ఇంకోటి వేశారు. డబుల్ మీనింగ్‌లు పెరిగాయి. క్యాసెట్ల కాలం వచ్చేసరికి బిల్వమంగళుడి పశ్చాత్తాపం కంటే సుబ్బిశెట్టి అల్లరికే గిరాకీ ఎక్కువైంది. వ్యసనాన్ని మాన్పించడానికి రాసిన నాటకాన్ని బూతు కోసం చూసేవాళ్లు తయారయ్యారు.

న్యూయార్క్‌లో 1960 నుంచి 2002 వరకు ఆడిన ప్రేమ సంగీత నాటకం ‘ది ఫెంటాస్టిక్స్’ ఇలా మారలేదు. అక్కడ ఒకే థియేటర్, హక్కులున్న స్క్రిప్టు. చింతామణికి అలాంటి కాపలా లేదు. కాళ్లకూరి 1927లోనే చనిపోయారు, కాపీరైట్ గడువూ ఎప్పుడో ముగిసింది. ఎవరైనా ఆడొచ్చు, ఎలాగైనా ఆడొచ్చు అన్నట్టు తయారైంది. నాటకం ఊరూరా బతికిందీ అందుకే, చెడిందీ అందుకే.

నిషేధం, కోర్టు

సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా అభ్యంతరం చెబుతూ వచ్చాయి. పాత్ర పేరు, వేషం, మాటలు అన్నీ కులాన్ని ఎగతాళి చేసేలా ఉన్నాయన్నది వాళ్ల ఆవేదన. బడిలో, బజారులో పిల్లల్ని ఆ పేరు పెట్టి పిలిచి ఏడిపిస్తే పడే బాధ చిన్నదేం కాదు. వాళ్ల వినతులతో ప్రభుత్వం 2022 జనవరిలో రాష్ట్రమంతటా ప్రదర్శనల్ని నిషేధించింది.

కళాకారుల వాదన వేరు. ఒక్క పాత్ర కోసం మొత్తం నాటకాన్ని ఆపేస్తే ఎలా? చేర్చిన మాటలు తీసేసి, కాళ్లకూరి రాసింది రాసినట్టు ఆడతామంటే వద్దంటారా? దీని మీదే బతికే హార్మోనిస్టులు, మేకప్‌మెన్లు, చింతామణి, చిత్ర పాత్రలు వేసే మహిళా ఆర్టిస్టుల సంగతేంటి? స్టేజీ మీద ద్వంద్వార్థాలకు గురైందీ, కింద చులకన మాటలు పడిందీ ఆ మహిళలే. నిషేధంతో వాళ్లకు పని కూడా పోయింది. అప్పటి నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు ఈ ఉత్తర్వును హైకోర్టులో సవాల్ చేశారు.

ఇంతకీ తేలాల్సిందేంటి?

చింతామణి పేరుతో నిజానికి రెండు నాటకాలున్నాయి. ఒకటి కాళ్లకూరి పుస్తకంలో ఉన్నది, రెండోది దశాబ్దాలుగా స్టేజీ మీద పెరిగింది. అభ్యంతరాల్లో ఎక్కువ భాగం రెండోదాని మీద. నిషేధం మాత్రం రెంటికీ పడింది. సుబ్బిశెట్టి పాత్ర మూలంలోనూ ఉంది కాబట్టి, పుస్తకానికి తిరిగి వెళ్తే గొడవంతా తీరిపోతుందని చెప్పలేం. కానీ ఏది రచయిత రాసింది, ఏది తర్వాత చేరింది అన్నది ముందు విడదీయాలి. ఆ తర్వాతే రెండు వైపులా మాట్లాడుకోవడానికి దారి ఉంటుంది.