కృష్ణ ఒడ్డున కారం వయసు

కృష్ణాతీరంలో కారం అనాదిగా ఉందన్న నమ్మకానికి మన మాటే ఎదురు సాక్ష్యం. మిరప అన్న పేరులో మిరియం దాగి ఉంది. కొత్త కాయకు పాత ఘాటు పేరునే తగిలించారు. అమెరికా ఖండాల ఈ మొక్కను 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు పడమటి తీరానికి తెచ్చేదాకా మన కూరల్లో మంట మిరియాలదీ అల్లానిదీ. శ్రీనాథుడిదిగా చెప్పే చాటువొకటి బొడ్డుపల్లె సేద్యం చెడిన గోడు వెళ్లబోసుకుంటుంది: నువ్వులూ పెసలూ పిట్టల పాలయ్యాయి, మిగతాది కృష్ణ పట్టుకుపోయింది. ఆ నష్టాల్లో మిరప లేదు. ఒక్క పద్యంలో లేనంత మాత్రాన రుజువు కాదు గానీ, 15వ శతాబ్దపు కవికి తెలిసే పంటే కాదది. ఉండి ఉంటే దాన్నీ పిట్టలు వదిలేవి కావు. మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్ మంట పక్షులకు తెలియదు, గింజ వాటి కడుపులో చెడకుండా బయటపడుతుంది.

నాలుగైదు వందల ఏళ్ల ఈ అతిథి ఇక్కడి గుర్తింపే అయిందంటే, ఆ ఘనత మట్టిది కాదు, విత్తనం ఏరి దాచుకున్న చేతులది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కింద పల్లం వరి పాలైంది. మిరప వేరు నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. అది నందిగామ, జగ్గయ్యపేట వైపు మెరకకూ, డెల్టా ఊళ్లలో పెరటికీ పరిమితమైంది. పెరట్లో బాగా కాసిన మొక్కను చూసుకుని, పండు ఎండబెట్టి, గింజ దాచి, మరుసటి ఏడు నారు పోయడమే అప్పటి విత్తన శాస్త్రం. నిజానికి ఘాటు గింజలో ఉండదు, గింజలు అంటుకున్న తెల్లటి పొరలో ఉంటుంది. గింజ మోసేది దాని వారసత్వాన్నే.

ఈ ఘాటుకు ఎండా నల్లరేగడే కారణమనేవారున్నారు. నీటి ఎద్దడికి ఘాటు కొంత పెరిగే మాట నిజమే. కానీ అదే మట్టిలో, అదే ఎండలో క్యాప్సికం నాటితే కాయ చప్పగానే ఉంటుంది. గుంటూరు సన్నం ఘాటు స్కోవిల్ కొలతలో 35,000 నుంచి 40,000. 2023లో అత్యంత ఘాటు మిరపగా గిన్నిస్‌కెక్కిన పెప్పర్ ఎక్స్ సగటు దాదాపు 27 లక్షలు. ఇంత తేడాను ఏ రేగడీ పుట్టించలేదు. మరి రకాలన్నీ గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చినవే కదా అంటే, శాస్త్రజ్ఞుల ఎంపికకు ముడిసరుకు కావాలి, ఆ వైవిధ్యాన్ని అప్పటికే నిలిపి ఉంచింది రైతులు. హైబ్రిడ్ వచ్చాకే గింజ దాచే అలవాటు సన్నగిల్లింది. దాని విత్తనం మళ్లీ వేస్తే తల్లి గుణం నిలవదు.

గింజ దాచే ఆ అలవాటు ఇప్పుడు విజయవాడ డాబాల మీద భూత్ జొలోకియా అనే మహా ఘాటు మిరప కుండీల్లో తిరిగి అక్కరకొస్తుంది. చలిదేశాల్లో ఇలాంటి గింజ మొలవడానికి కరెంటు వేడి పెడతారు. ఇక్కడ ఆషాఢ శ్రావణాల వెచ్చదనం చాలు, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలంతే. అసలు ఇబ్బంది పూతకు. మే ఎండలో పూత రాలిపోతుంది, అందుకే పొలం నారు లెక్కనే జులై, ఆగస్టుల్లో గింజ వేసి చలికాలపు కాపు చూసుకోవాలి. పక్కనే వేరే మిరప పూస్తుంటే తేనెటీగలు పుప్పొడి కలుపుతాయి. ఈ ఏటి కాయ రుచి మారదు. దాని గింజతో మొలిచే మొక్కలో మారుతుంది. గింజకని ఉంచుకునే మొక్కకు పూత దశలోనే పలచని గుడ్డ కట్టేది అందుకే.