సిరిసిల్ల బట్టే, గుండెకు నాళమై

నవంబర్ 8 ప్రపంచ రేడియాలజీ దినం. 1895లో ఆ రోజునే జర్మనీలో శాస్త్రవేత్త రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనిపెట్టాడు. ఎక్స్‌రే అంటే మనకు విరిగిన ఎముకలే గుర్తొస్తాయి. గుండె నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమనికి కూడా ఆ వెలుగే దారి చూపింది.

రెండో శతాబ్దంలోనే గ్రీకు వైద్యుడు ఆంటిల్లస్ ఉబ్బిన నాళాలకు ముడి వేసేవాడు. తర్వాత శతాబ్దాలు గడిచాయి. 1817లో లండన్‌లో వైద్యుడు ఆస్ట్లీ కూపర్ ఏకంగా బృహద్ధమనికే ముడి వేశాడు. రోగి దక్కలేదు. 1929లో లిస్బన్‌లో వైద్యుడు దోస్ శాంతోస్ నడుము పక్కనుంచి సూది గుచ్చి, మందు ఎక్కించి, ఆ నాళాన్ని ఎక్స్‌రేలో చూశాడు.

నాకు ఇష్టమైన కథ ఆ తర్వాతిది. అమెరికాలోని హ్యూస్టన్‌లో డాక్టర్ మైఖేల్ డిబేకీ 1950లలో బట్టల దుకాణానికి వెళ్లి నైలాన్ అడిగాడు. అది లేదన్నారు. డాక్రాన్ ఉందంటే అదే కొన్నాడు. ఇంటికొచ్చి భార్య కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టాడు. చిన్నప్పుడు తల్లి నేర్పిన కుట్టుపని అలా అక్కరకొచ్చింది. పాడైన నాళం తీసేసి ఆ గొట్టం అతికిస్తే మనుషులు బతికారు. డాక్రాన్ అంటే పాలిస్టరే, మన సిరిసిల్ల మరమగ్గాల మీద రాత్రింబవళ్లు నేసే జాతే. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి సిరిసిల్లలో మగ్గాల చప్పుడు నాకు వేరేగా వినిపిస్తోంది.

2005 డిసెంబర్ 31న, 97 ఏళ్ల వయసులో, డిబేకీ బృహద్ధమనే లోపల చీలింది. ఆయన ఆపరేషన్ వద్దన్నాడు. సీటీ స్కాన్లు మాత్రం తీస్తూనే ఉన్నారు. జనవరి మొదట్లో 5.2 సెంటీమీటర్లున్న ఉబ్బు ఫిబ్రవరికి 7.5 అయింది. చివరికి శిష్యులే ఆపరేషన్ చేసి డాక్రాన్ గొట్టం అమర్చారు. ఆయన 2008 జులై దాకా బతికాడు.

ఈలోగా కొత్త పద్ధతులు వచ్చాయి, అయినా కథ సాఫీగా లేదు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ స్కాన్ వచ్చింది. 1990లో డాక్టర్ పరోడీ తొడ నాళం గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు జాలీ ఉన్న బట్ట గొట్టం) పంపాడు. అలా అమర్చిన గొట్టం అంచుల నుంచి రక్తం కారవచ్చు, గొట్టం జారవచ్చు. కుట్టిన గొట్టమైతే అతుకు దగ్గర ఉబ్బవచ్చు, చీము పట్టవచ్చు. చాలాసార్లు నొప్పి ఉండదు, స్కాన్‌లోనే తెలుస్తుంది. అందుకే స్టెంట్ గ్రాఫ్ట్ వేసినవారికి సాధారణంగా మొదటి నెలలో ఒక స్కాన్, ఏడాది నిండాక ఒకటి, ఆపైన ఏటా ఒకటి తీస్తారు. సీటీకి ఎక్కించే మందు కిడ్నీలకు భారం కాబట్టి ముందు క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. కొందరికి అల్ట్రాసౌండ్ సరిపోతుంది.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాక పేదలకూ పెద్ద ఆపరేషన్లు అందాయి. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి వచ్చింది. అయినా ఇలాంటి ఆపరేషన్‌కు సాధారణంగా హైదరాబాద్ పోవాల్సి వస్తుంది. ఆదిలాబాద్ నుంచి అది 300 కిలోమీటర్ల దారి. బాగైపోయిందనుకున్న మనిషి కూలి వదులుకుని ఏటా స్కాన్ కోసం అంత దూరం పోడు. అది అతని తప్పు కాదు. ఆ స్కాన్ జిల్లా ఆసుపత్రిలోనే తీసి, ఫొటోలు ఆపరేషన్ చేసిన డాక్టరుకు పంపే ఏర్పాటు సర్కారు చేయాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయి ఉంటే పాత సీడీలు, రిపోర్టులు పారేయకండి. పాత కొలత పక్కన పెట్టి చూస్తేనే నాళం పెరిగిందో లేదో డాక్టరు చెప్పగలడు. తేదీ దాటనివ్వకండి. ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం తేదీ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.