వంటింటి రెండు నల్లాలు: పెగడపల్లి ప్రాంతంలో మంచినీరు, వాడుకనీరు

తెలంగాణ పల్లెల్లో వంటింటి సింకు మీది పాత నల్లాలను తీసివేసి మిక్సర్ నల్లా బిగించడాన్ని సౌకర్యానికో హోదాకో సంబంధించిన చిన్న విషయంగా చూడటం పరిపాటి. అయితే జగిత్యాల జిల్లా పెగడపల్లి వంటి ఊళ్ళలో ఒక ఇంటికి రెండు నల్లాలుంటే, అవి సాధారణంగా వేడినీటికీ చన్నీటికీ గుర్తులు కావు. ఒకటి మంచినీటిది, మరొకటి వాడుకనీటిది. వాటి స్థానంలో ఒకే నల్లా రావడమంటే ఈ విభజనను ఎక్కడ నిలుపుకోవాలన్న ప్రశ్న తలెత్తడమే.

ఈ విభజన నల్లాకన్నా చాలా పాతది. తాగే నీరు చేదబావి నుంచి బిందెల్లో వంటింటికి చేరేది. గిన్నెలు తోమడానికి, కాళ్ళు కడుక్కోవడానికి గోలెంలోని నీళ్ళు సరిపోయేవి. తోముడు పని జాలారు దగ్గరే సాగేది కాబట్టి వంటింట్లో నీరు పారే చోటు అవసరం కాలేదు. కట్టెల పొయ్యి మీద కాగులో కాగిన నీళ్ళు స్నానానికే తప్ప గిన్నెలకు కావు. 1970ల చివర రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు, జనం నోట 'బోరింగు', ఊరికి వచ్చాక కూడా బిందె మోసే పని తప్పలేదు. అది వాడకట్టుదే కాని ఇంటిది కాదు.

కోస్తావారి 'కుళాయి' తమిళ పదానికి దగ్గరిది. 'నల్లా' ఉర్దూ 'నల్' నుంచి వచ్చింది. రెండింటి మూలార్థమూ గొట్టమే. 1908 మూసీ వరదల అనంతరం నిర్మాణం మొదలై 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ హైదరాబాదుకు గండిపేట నీళ్ళనిచ్చింది. నల్లా అన్న మాట పల్లెకూ చేరింది గాని, శుద్ధిచేసిన నీరు ఇంటింటికీ చేరడానికి చాలాకాలం పట్టింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ గ్రామాల్లో తలకు రోజుకు 100 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టుకుంది. అదే ఏడాది అక్టోబరు 11న కరీంనగర్ నుంచి జగిత్యాల జిల్లా విడివడింది. అప్పటికే బోరు, మోటరు, డాబా మీద ట్యాంకు ఉన్న ఇళ్ళకు భగీరథ రెండో నీటి వనరు అయింది.

మిక్సర్ నల్లా పుట్టుక వేరు. అమెరికాలో ఆల్ మోయెన్ అనే విద్యార్థికి 1937లో నల్లా కింద వేడినీళ్ళు చేతిమీద పడటంతో ఆ ఆలోచన తట్టింది; ఒంటిపిడి నల్లా 1947లో బజారుకెక్కింది. అది పరిష్కరించినది వేడి సమస్యను. పెగడపల్లికి దగ్గరి పోలిక అమెరికాలో కంటె బ్రిటన్‌లోని పాత ఇళ్ళలో దొరుకుతుంది. అక్కడ వంటింటి చన్నీటి నల్లాకు నేరుగా వీధి గొట్టం నుంచి నీరు వచ్చేది. వేడినీటికి ఆధారం అటకమీది తొట్టి. తొట్టినీరు తాగే నీటిలో కలవకూడదు గనుక రెండు నల్లాలను చాలాకాలం విడిగానే ఉంచారు.

ఈ ప్రాంతపు గల్ఫ్ వలసనూ ఇక్కడ మరువరాదు. ఎండాకాలంలో అక్కడి డాబా ట్యాంకుల నుంచి 'చన్నీళ్ళ' నల్లాలోనూ వేడినీళ్ళే వస్తాయి. గీజరును ఆపి, అందులో నిలిచిన నీటినే చన్నీళ్ళుగా వాడుకోవడం అక్కడ మామూలే. మిక్సర్ నల్లాను ఎరిగి వచ్చినవారు దాన్ని తమ కొత్త ఇంట్లోనూ కోరుకోవడంలో ఆశ్చర్యం లేదు.

చిక్కంతా బిగింపులో ఉంది. మిక్సర్‌కు ఒకవైపు భగీరథ గొట్టాన్ని, మరోవైపు బోరు ట్యాంకును కలిపితే, సరఫరా ఆగిన వేళల్లో ట్యాంకు నీటి ఒత్తిడే ఎక్కువవుతుంది. పిడిని మధ్యలో ఉంచి తెరిచినా, లోపలి సీలు అరిగినా, బోరునీరు మంచినీటి గొట్టంలోకి వెనక్కి నడిచే వీలుంది. నాన్‌రిటర్న్ వాల్వు లేకపోతే ఆ కలుషితం ఒక ఇంటితో ఆగదు. ఒత్తిడి మాటా ఉంది: నల్లాకు 3 మీటర్ల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చేది సుమారు 0.3 బార్ మాత్రమే. ఎక్కువ ఒత్తిడికి తయారైన మిక్సర్‌లో ఆ ధార సన్నబడుతుంది.

అందువల్ల మిక్సర్ రెండువైపులకూ బోరునీటినే ఇచ్చి, ఒకదాన్ని గీజరు మీదుగా తెచ్చి, భగీరథ నల్లాను విడిగా ఉంచడమే క్షేమమైన పద్ధతి. ఆ నల్లా వాకిట్లోనే ఉన్న ఇంట్లో, సింకు ఎంత కొత్తదైనా, తాగే నీరు బిందెలోనే లోపలికి రావాలి.