కెప్టెన్ మార్వెల్ నామవివాదము

శబ్దార్థముల సంబంధము నిత్యమని శాబ్దికులు చెప్పుదురు. వర్తకలోకమున నట్లు గాదు. అచ్చట నామము సొత్తు. దానిని వాడుచుండువాఁడే స్వామి, వాడక యూరకుండువాఁడు దానిని గోల్పోవును. అమెరికా దేశమున వీరనాయకుల చిత్రకథలను ప్రకటించు సంస్థల నడుమ నడచిన స్పర్ధ యిందులకు దృష్టాంతము. కెప్టెన్ మార్వెల్ అను నాయకుని చరిత్రమును బరిశీలించినచో నీ విషయము తేటపడఁగలదు.

క్లీవ్లండు నగరవాసులగు జెర్రీ సీగెల్, జో షూస్టరు అను యువకులు కల్పించిన సూపర్‌మాన్, 1938 జూన్ నాఁటి ‘ఆక్షన్ కామిక్స్’ తొలిసంచికలో వెలువడెను. ఆ కల్పనపైఁ గల హక్కులన్నియు వారు 130 డాలర్లకే ప్రకాశకుల కిచ్చివేసిరి. ఆ ప్రకాశకసంస్థయే క్రమముగా నేషనల్ అనియు, పిమ్మట డి.సి. అనియు వ్యవహరింపఁబడెను. పుస్తకము విరివిగా నమ్ముడుపోవుటఁ జూచి యితరులును ఆ త్రోవనే పట్టిరి. వారిలో ఫాసెట్ సంస్థవారు ముఖ్యులు. బిల్ పార్కర్ రచనతోను, సి. సి. బెక్ చిత్రములతోను 1940 ఫిబ్రవరి నాఁటి ‘విజ్ కామిక్స్’ నందు వారు కెప్టెన్ మార్వెల్‌ను బ్రవేశపెట్టిరి.

ఈ కథలో బిల్లీ బాట్సన్ అను అనాథబాలుఁడు ‘షజామ్’ అని పలికినంతనే పిడుగు పడి మహాబలుఁడగును. సాలొమన్, హెర్క్యులీస్, అట్లాస్, జ్యూస్, అకిలీస్, మెర్క్యురీ అను ఆఱుగురి పేళ్ల యాంగ్లలిపిలోని మొదటి యక్షరములు కూడి యీ మాట యైనది. పాణినీయమునందలి ప్రత్యాహారమున ఆద్యంతవర్ణములచే నడిమి వర్ణములు గ్రహింపఁబడును. ఇందు మాత్రము ప్రతివర్ణమును ఒక్కొక్క వ్యక్తికి సంకేతము. సూపర్‌మాన్ అన్యగ్రహమునఁ బుట్టినవాఁడు. అతని శక్తి జన్మసిద్ధము. బిల్లీ శక్తియో యొక మాటలో నున్నది. చదువు పిల్లలకుఁ దామును ఆ మాట పలికి చూతమన్న యాస గలుగుట సహజము. 1944 లో ‘కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్’ ప్రతులు 1 కోటి 40 లక్షలు అమ్ముడుపోయినవని చెప్పుదురు. సూపర్‌మాన్ పుస్తకములను సైతమది మించినది.

అప్పటికే వ్యాజ్యము పుట్టియుండెను. అమానుషబలము, బిగుతైన యుడుపులు, వీపుపై నుత్తరీయము, వార్తలు సేకరించు వృత్తి మొదలగు సామ్యములను జూపి, తమ నాయకునికి వీఁడు నకలని 1941 లో నేషనల్ వారు అభియోగము దెచ్చిరి. విచారణ 1948 లో జరిగెను. అనుకరణము వాస్తవమే కాని, సూపర్‌మాన్ కథలు కొన్ని హక్కుప్రకటన లేక పత్రికలలోఁ బడినందున వాది హక్కు చెడినదని 1950 లో తీర్పయ్యెను. 1951 లో అపీలు న్యాయస్థానమున లెర్నెడ్ హ్యాండ్ అను న్యాయాధిపతి దానిని ద్రోసివేసి, హక్కు మొత్తముగాఁ జెడలేదనియు, ఏ కథ దేనికి నకలో వేఱువేఱుగాఁ దేల్పవలెననియు నిర్ణయించెను. అట్లు తేల్చుట జరుగనేలేదు. యుద్ధానంతరమున అమ్మకములు తగ్గియుండుటచే 1953 లో ఫాసెట్ వారు 4 లక్షల డాలర్లు చెల్లించి, ప్రకటనము మాని, రాజీపడిరి.

వ్యాజ్యము కథలను గూర్చినది. పేరును గూర్చినది గాదు. అయినను పుస్తకము లేనందున పేరు దిక్కులేనిదయ్యెను. 1967 లో మార్వెల్ సంస్థవారు, తమ సంస్థానామము నందులోఁ గలిగిన ఆ పేరును గ్రహించి, వేఱొక నాయకుని కిచ్చిరి. 1972 లో నేషనల్ వారు, తాము మాన్పించిన యా పాత నాయకుని కథలనే ఫాసెట్ వారి యనుమతితో మఱల బ్రకటింపఁబూనిరి. నాయకుఁడు దక్కెను గాని పేరు దక్కలేదు. ముఖపత్రముపై ‘షజామ్’ అని యచ్చువేయక తప్పలేదు. తుదకు 2012 నాఁటి కథలలో నాయకుని పేరే షజామ్ అయ్యెను. మంత్రమే సంజ్ఞ యైనది. 2019 లో రెండు చలనచిత్రములు వెలువడెను: మార్వెల్ వారిది ‘కెప్టెన్ మార్వెల్’, పూర్వపు కెప్టెన్ మార్వెల్‌ది ‘షజామ్’.

ఈ ప్రత్యర్థు లిరువురును ఒక్క విషయమున మాత్ర మేకమైరి. ‘సూపర్ హీరో’ అను మాటను 1980 ప్రాంతమున ఉమ్మడి వ్యాపారచిహ్నముగా నమోదు చేయించుకొనిరి. అది వ్యక్తివాచకము గాదు, జాతివాచకము. ‘గోవు’ అను శబ్ద మొక యింటివారి సొత్తనుట యెట్టిదో యిదియు నట్టిది. నలువదియేండ్లకుఁ బైగా నది చెల్లెను. ఒక చిన్న సంస్థవారు దానిని రద్దు చేయఁగోరఁగా, ఇరువురును గడువులోపల నుత్తరమీయకుండుటచే 2024 లో ఆ నమోదులు కొట్టివేయఁబడెను.

ఫాసెట్ వారి పేరు పోయినదియు మౌనముచేతనే, ఈ యిరువురి మాట పోయినదియు మౌనముచేతనే. అయినను రెంటికిని భేదము గలదు. మొదటి మాట యొక వర్తకుని చేతినుండి వేఱొక వర్తకుని చేతికిఁ బోయినది. రెండవది దానిని నిత్యము పలుకు జనులయొద్దకు మఱలి వచ్చినది. జాతిశబ్దములకు వ్యవహారమే శరణ్యమన్న వైయాకరణుల సిద్ధాంతమునకు, వారి నెఱుఁగని దేశమునఁ గూడ ధర్మాధికారులయొద్ద నిట్లు విలువ దక్కినది.