కాలెన్‌బాక్ తోట, మనవాళ్ల కావిళ్లు

1910 మే 30న హెర్మన్ కాలెన్‌బాక్ అనే యూదు ఆర్కిటెక్టు గాంధీకి ఒక ఉత్తరం రాశాడు. జోహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరాన, లాలీ రైల్వే స్టేషన్ దగ్గర తాను కొన్న 1,100 ఎకరాల భూమిని సత్యాగ్రహుల కుటుంబాలు అద్దె లేకుండా వాడుకోవచ్చని, ట్రాన్స్‌వాల్ ప్రభుత్వంతో పోరాటం ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లూ ఉండవచ్చని దాని సారాంశం. మగవాళ్లు జైలుకు పోతే ఇంటి దగ్గర ఆలుబిడ్డలకు తిండి పెట్టే దిక్కు లేక ఉద్యమం సన్నగిల్లుతున్న రోజులవి. ఆ చోటుకు టాల్‌స్టాయ్ ఫార్మ్ అని పేరు పెట్టిందీ కాలెన్‌బాకే.

పిల్లల చేత మొక్కలు నాటించి, నీళ్లు పోయించి, ఎరువు వేయించి అదీ చదువేననే బడి మన దేశానికి ఎక్కడి నుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే, దాని తల్లివేరు ఒకటి ఈ తోటలో కనిపిస్తుంది. అక్కడ ఎవరెవరు బతికారో గాంధీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాస్తూ గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్ల పేరూ ఎత్తారు. ఆ ఒక్క మాట దగ్గర మనం ఇన్నేళ్లుగా ఆగలేదు. ఆగవలసింది. ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లం ఆగవలసింది.

ఎందుకంటే దక్షిణాఫ్రికా దారి మన ఊళ్ల మీదుగానే పోయింది. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి వెళ్లి డర్బన్ రేవులో 342 మందిని దించింది. అది మొదలు 1911 దాకా డర్బన్ ఉన్న నేటాల్ సీమ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులు 1,52,184 మంది. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. ఓడ పట్టీల్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీది మచ్చలు రాసి ఉంటాయి. ఆ జిల్లా గడిలో పదే పదే కనిపించే పేర్లలో గంజాం, వైజాగపటం ఉన్నాయి. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు అప్పుడు ఆ రెండు జిల్లాల్లోనే ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో గాని పుట్టలేదు. కాబట్టి తమ పెద్దల జాడ వెతికేవాళ్లు పాత జిల్లాల పేర్ల కింద చూడాలి.

1866 కరువు గంజాం సీమను ఊడ్చిపెట్టింది. 1889లో మళ్లీ కరువే. కంబారి పనులకు పోయి, చోడి అంబలి మీద బతికిన కుటుంబాలు కొన్ని రంగూన్ ఓడెక్కాయి, కొన్ని మారిషస్, నేటాల్ దారి పట్టాయి. నేటాల్‌లో ఐదేళ్ల ఒప్పందం తీరాక చాలామంది డర్బన్ చుట్టుపక్కల చిన్న చిన్న మడిచెక్కలు కౌలుకు పట్టి కూరగాయలు వేశారు. పండించినవి గంపలకెత్తి వీధి వీధీ తిరిగి అమ్మారు. ఊళ్లో సెంటు భూమి లేని మనిషి పరాయి నేల మీద ఊరందరికీ కూర పెట్టే తోటమాలి అయ్యాడు. నేటాల్ ప్రభుత్వానికి అది గిట్టలేదు. ఒప్పందం తీరాక తిరిగి పోకుండా అక్కడే ఉండిపోయే కూలీ ఏటా మూడు పౌండ్లు కట్టాలని 1895లో చట్టం చేసింది. కూలీ మీద బతికే కుటుంబానికి అది మోయలేని బరువు. గాంధీ ఉద్యమానికి ఆ పన్నే తర్వాత ప్రధాన కారణాల్లో ఒకటైంది.

ఇక కాలెన్‌బాక్. 1871లో లిథువేనియాలో పుట్టాడు. అప్పుడది రష్యా ఏలుబడిలో ఉండేది. జర్మనీలో భవన నిర్మాణం చదివి 1896లో దక్షిణాఫ్రికా చేరాడు. బంగారు గనుల జోహానెస్‌బర్గ్‌లో ఇళ్లు కట్టించి బాగా గడించాడు. గాంధీ పరిచయమయ్యే నాటికి ఇంటద్దె కాక తన ఒక్కడి ఖర్చే నెలకు 1,200 రూపాయలు. గాంధీతో కలిసి బతకడం మొదలుపెట్టాక అది 120కి దిగింది. టాల్‌స్టాయ్ పుస్తకాలు ఇద్దరికీ ప్రాణం. చెప్పులు కుట్టడం నేర్చుకోవడానికి కాలెన్‌బాక్ మేరియన్‌హిల్‌లోని ట్రాపిస్ట్ క్రైస్తవ సన్యాసుల మఠానికి వెళ్లి నేర్చుకుని వచ్చాడు, గాంధీకి నేర్పాడు. గాంధీ తోటలో మిగతావాళ్లకు నేర్పారు. వడ్రంగం ఆయనకు ముందే వచ్చు. తోటపని అంటే ఇష్టం, ప్రభుత్వ నమూనా తోట ఒకదానిలో పని చేసిన అనుభవమూ ఉంది.

తోటలో దాదాపు వెయ్యి పండ్ల చెట్లున్నాయి. నారింజ, ఆప్రికాట్, ప్లమ్. కాపు రోజుల్లో అందరూ కడుపునిండా తిన్నా ఇంకా మిగిలేవి. రెండు బావులు, ఒక ఊట, కొండ అడుగున ఆరుగురు పట్టే చిన్న ఇల్లు. పది మంది ఆడవాళ్లకు, అరవై మంది మగవాళ్లకు రేకుల ఇళ్లు రెండు నెలల్లో లేపారు. నౌకర్లు లేరు. వంట, వడ్రంగం, పాకీ పని, నాటడం, కోయడం అన్నీ వాళ్లే. తిరగలి లాంటి ఇనప మర తిప్పి పిండి విసురుకుని రొట్టె కాల్చుకునేవారు. వేరుశనగ పప్పు వేయించి నూరితే వెన్న, తోట నారింజలతో మురబ్బా. సారా, పొగాకు లేవు.

ఊట ఇళ్లకు 500 గజాల దూరం. నీళ్లు కావిళ్ల మీద మోసుకు రావాలి. కావిడి భుజాన వేసుకుని నిండు కడవ తొణకకుండా నడవడం కళింగాంధ్ర పల్లెలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. లండన్‌లో బారిస్టరు చదివినవాడికీ జర్మనీలో ఆర్కిటెక్చర్ చదివినవాడికీ ఆ నడక కొత్త. ఆ తోటలో ఎవరు ఎవరికి గురువు అన్నది అనుకున్నంత తేలిక ప్రశ్న కాదు.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం వాళ్ల ఎరువు గుంత. ఇంటికి దగ్గరలోనే అడుగున్నర లోతున చదరంగా ఒక గుంత తవ్వేవారు. మరుగుదొడ్డి బాల్చీలు అందులో కుమ్మరించి, తవ్వి తీసిన మట్టితోనే పూర్తిగా కప్పేసేవారు. వాసన రాదు, ఈగ వాలదు. కొన్నాళ్లకు అదంతా మంచి ఎరువు. అంట్లు కడిగిన నీళ్లు బాల్చీల్లో పట్టి చెట్ల మొదళ్లలో పోసేవారు. తిండిలో మిగిలినవీ కూరగాయల తొక్కలూ గెత్తం అయ్యేవి. నేల నుంచి వచ్చింది నేలకే చేరేది. మన ఊళ్లలో ఆ బాల్చీ మోసే పనిని ఒక కులం నెత్తిన పెట్టి మిగతావాళ్లు ముక్కు మూసుకున్నారు. ఇక్కడ గుజరాతీ వైశ్యుడూ యూదు ఆర్కిటెక్టూ మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ల పిల్లలూ వంతులవారీగా ఆ గుంత తవ్వారు. 1910లో ఇది చిన్న సంగతి కాదు. గెత్తం విలువ తెలిసిన రైతు దేశమే మనది, దాన్ని చేసే మనిషి విలువే తెలియలేదు.

పిల్లల చదువు ఈ పనిలోంచే మొదలైంది. వంటింట్లో పని లేని ప్రతి ఒక్కరూ, చిన్నా పెద్దా తేడా లేకుండా, రోజూ కొంతసేపు తోటలో పని చేయాలని నియమం. అందులో సింహభాగం పిల్లలదే. గోతులు తవ్వడం, చెట్లు కొట్టడం, బరువులు మోయడం. ఒకొక్కప్పుడు పిల్లలు వంకలు చెప్పి తప్పించుకునేవారని, తాను కొన్నిసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నానని, తరచు గట్టిగానే పట్టుబట్టానని గాంధీ ఆత్మకథలో రాసుకున్నారు. అయినా ఆ పనిలో పిల్లలకు సరదా ఉండేది. తోటలో జబ్బు పడ్డవాళ్లు బహు తక్కువ. అన్నిటికంటె గొప్ప నియమం మరొకటుంది. పంతులు తాను చేయని పని పిల్లల చేత చేయించకూడదు. పార పట్టిన ప్రతి పిల్లల జట్టు పక్కన పార పట్టిన పంతులు ఒకరు ఉండాలి.

పుస్తకాల చదువు మధ్యాహ్నం భోజనాల తర్వాత. పొద్దున పూటంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లు కాబట్టి పిల్లలూ గాంధీ కూడా కునికిపాట్లు పడేవారు, కళ్లకు నీళ్లు కొట్టుకుని కూర్చునేవారు. హిందీ, తమిళం, గుజరాతీ, ఉర్దూ చెప్పేవాళ్లమని, ఇంగ్లీషూ నేర్పేవాళ్లమని ఆయన రాశారు. ఆ పట్టికలో తెలుగు లేదు. తోటలో తెలుగు నోళ్లున్నాయి, బడిలో తెలుగు అక్షరం లేదు. చదివినప్పుడల్లా ఈ ఖాళీ నాకు కష్టంగానే ఉంటుంది. నేటాల్ తెలుగువాళ్లు తమ భాష కోసం సొంతంగా సంఘం కట్టుకోవడానికి 1931 దాకా పట్టింది. అదే దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ.

పాముల పాఠం కాలెన్‌బాక్‌ది. పాములకు పేరుపడ్డ నేల అది. పాముల్ని చంపకూడదన్న గాంధీ మాట మొదట్లో ఆయనకు వింతగా తోచింది. తర్వాత పాముల మీద పుస్తకాలు పోగేసి చదివాడు. ఏవి విషపువో, ఏవి కావో గుర్తుపట్టడం నేర్చుకుని తోటలో అందరికీ నేర్పాడు. అన్నీ విషపువి కావనీ, కొన్ని పొలంలో పంటను కాపాడతాయనీ చెప్పాడు. అక్కడితో ఆగలేదు. తోటలో దొరికిన పెద్ద తాచును బోనులో పెట్టి తన చేత్తో తిండి పెట్టి మచ్చిక చేశాడు. పిల్లలు భయం లేకుండా చుట్టూ మూగి చూసేవారు. గాంధీకి అక్కడే సందేహం వచ్చింది. మనం స్నేహంగానే పెడుతున్నాం, కానీ బోనులో ఉన్న పాముకు అది స్నేహమని ఎలా తెలుస్తుంది? ఆ వాదన తెగకముందే ఒకనాటి పొద్దున బోను ఖాళీగా కనిపించింది. ఇద్దరూ సంతోషించారు. మరోసారి ఒక పాము కాలెన్‌బాక్ గదిలోనే, తరమడానికి గాని పట్టడానికి గాని వీలులేని చోట దూరింది. దాన్ని చూసిన ఒక విద్యార్థి చంపనా అని గాంధీని అడిగాడు, గాంధీ సరేనన్నారు. అహింస ఎక్కడ నిలుస్తుందో ఎక్కడ ఆగుతుందో పెద్దలు దాచకుండా పిల్లల ముందే తేల్చుకున్నారు. పర్యావరణ విద్య అన్న పేరు పుట్టకముందే ఆ పాఠం జరిగింది. వరి చేలో ఎలుకల్ని తినే జెర్రిపోతు కనపడితే కర్ర తీసే ఊళ్లలో పెరిగిన మనకు ఈనాటికీ కావలసిన పాఠం.

నేలను నమ్ముకున్న ఇలాంటి ప్రయత్నమే కాలెన్‌బాక్ సొంత యూదు సమాజంలోనూ మొదలైంది. అదే 1910లో, అక్టోబరు చివర, గలిలీ సరస్సు నుంచి జోర్డాన్ నది బయటికి వచ్చే చోట కొద్దిమంది యూదు యువతీ యువకులు దెగానియా అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టారు. కిబుత్జ్ అని పిలిచే ఇలాంటి క్షేత్రాల్లో అదే మొదటిది. టాల్‌స్టాయ్ భావాలు నచ్చిన ఎ.డి. గోర్డన్ కడకాలం అక్కడే గడిపాడు. శ్రమే ఆరాధన అన్నది ఆయన మాటల సారం. యూదు శాస్త్రాల్లో దీనికి పాత పునాది ఉంది. యుద్ధంలో కోటను ముట్టడించినా పండ్ల చెట్టు నరకకూడదు. నాటిన చెట్టు పండు మొదటి మూడేళ్లు తినకూడదు. ఏడో ఏట నేలకు విశ్రాంతి ఇవ్వాలి. పొలం మూల కోయకుండా వదలాలి, పరిగె పేదలకు విడవాలి. పరిగె ఏరుకుని పిల్లల్ని సాకిన అమ్మమ్మలున్న మన పల్లెలకు ఈ చివరి నియమం విడమరచి చెప్పక్కర్లేదు. తూ బిష్వత్ అని చెట్లకొక సంవత్సరాదే ఉంది, ఆ రోజు పిల్లలు మొక్కలు నాటుతారు. ఈ పాత సూత్రాలతోనే అమెరికాలో 1988లో షోమ్రెయ్ అదామా అనే సంస్థ, 1994లో తేవా అనే ప్రకృతి పాఠశాల, ఆ తర్వాత అదామా అనే సేద్యపు శిక్షణ వచ్చాయి. తెలుగునాట యూదులమని చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఉన్నాయి. వాళ్లలో చాలామంది వ్యవసాయ కూలీలే.

టాల్‌స్టాయ్ తోట ఎక్కువ కాలం నిలవలేదు. 1913 మొదట్లో ఖాళీ అయింది, మిగిలినవాళ్లు డర్బన్ దగ్గరి ఫీనిక్స్ ఆశ్రమానికి వెళ్లారు. ఆ ఏడు అక్టోబర్‌లోనే న్యూకాజిల్ బొగ్గు గనుల కూలీలు మూడు పౌండ్ల పన్ను మీద సమ్మె కట్టి, నవంబర్‌లో ట్రాన్స్‌వాల్‌కు నడిచారు. గాంధీ లెక్కలో 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు. ఆ నడకకు తోడు నిలిచినందుకు కాలెన్‌బాక్, పోలాక్ అనే ఇద్దరు యూదులూ జైలుకెళ్లారు. 1914లో పన్ను రద్దయింది. గాంధీతో కలిసి మన దేశం రావాలని కాలెన్‌బాక్ అప్పుడే బయల్దేరాడు గాని దారిలో యుద్ధం వచ్చిపడింది. జర్మన్ పౌరుడని బ్రిటిష్‌వాళ్లు ఆయనను నిర్బంధించారు.

ఆయన ఇక్కడికి రాగలిగింది 1937లో. అప్పటికి పాలస్తీనాలో యూదు రాజ్యం కోరేవాళ్ల వైపు మొగ్గాడు. ఆ విషయంలో గాంధీ ఒప్పుకోలేదు, పాలస్తీనా అరబ్బులదని 1938లో రాశారు కూడా. స్నేహం మాత్రం చెడలేదు. ఆ 1937 అక్టోబరులోనే వార్ధాలో, చేతిపని ద్వారా చదువు చెప్పే నయీ తాలీమ్ పద్ధతి మీద సభ జరిగింది. ఆ సభ వేసిన జాకిర్ హుసేన్ కమిటీ బడిలో నేర్పదగ్గ పనుల్లో నూలు వడకడం, వడ్రంగం, సేద్యంతో పాటు పండ్లు, కూరగాయల తోటపనినీ చేర్చింది. 2019లో కేంద్రం బడుల్లో పోషక తోటలు వేయమని మార్గదర్శకాలు ఇచ్చేనాటికి, టాల్‌స్టాయ్ తోటలో మొదలైన ఆ తలంపుకు నూరేళ్లు దాటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టాక మళ్లీ నాటిన మొక్క కాపుకు ఎన్నేళ్లు పడుతుందో అక్కడి పిల్లలు కళ్లారా చూశారు. వాళ్ల బడితోటలో పార పట్టే పంతులుంటే చాలు, పాఠం వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది.

కాలెన్‌బాక్ 1945 మార్చి 25న జోహానెస్‌బర్గ్‌లో చనిపోయాడు. ఆస్తిలో ఎక్కువ భాగం యూదుల ఉద్యమానికి, కొంత భాగం దక్షిణాఫ్రికా భారతీయులకు రాసిపెట్టాడు. అస్థికలు దెగానియా చేరాయి. ఆయన పెరిగిన లిథువేనియా ఊరు రుస్నేలో 2015 అక్టోబర్ 2న గాంధీ, కాలెన్‌బాక్ పక్కపక్కన నిలబడ్డ కంచు విగ్రహం పెట్టారు. ఆ తోటలో పార పట్టిన ఆంధ్రదేశం వాళ్లకు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక పలకైనా ఉండాలని నా కోరిక. దాని మీద చెక్కవలసిన మాట గాంధీ ఎప్పుడో రాసి పెట్టారు.